చేతికందే దూరంలో రంగూ బంకా

(ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో టీచర్లు, తల్లులు, హైస్కూలు పిల్లల ముందు చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండమ్మా. గిన్నెల్లో ఏముందో మీకు కనబడాలి.

ఆర్ట్ జర్నల్ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు, ఫోన్లో వీడియోలు చూసే ఉంటారు. నాలుగు మాటలు రాసి, పక్కన బొమ్మ వేసి, ఎక్కడో దొరికిన కాగితం ముక్కో గుడ్డ పీలికో అంటించి పెట్టుకునే సొంత పుస్తకం. పని తేలికే. కానీ ఆ వీడియోల్లో బల్ల మీద పరిచిన సామాను చూసి మనవాళ్లు బెదిరిపోతున్నారు. ఇందాక లోపలికి వస్తుంటే ఒకావిడ అడిగారు, "మాస్టారూ, కిట్ కొనకుండా పిల్లతో ఇది మొదలుపెట్టించొచ్చా?" అని. మొదలుపెట్టించండమ్మా. అసలు కొనకపోతేనే మంచిది.

డబ్బు మిగులుతుందని చెప్పడం లేదు. సీసాలో కొన్న రంగు ఎప్పుడు పూసినా ఒకేలా వస్తుంది. మీరు కాచిన బంక ఒకరోజు చిక్కగా, ఇంకోరోజు పలచగా వస్తుంది. మీరు నానబెట్టిన కరక్కాయ ఒక పేజీ మీద ముదురుగా, ఇంకో పేజీ మీద లేతగా పడుతుంది. ఎందుకలా పడిందని అడగడం మొదలుపెడితే మీ చేయి నేర్చుకుంటోందన్న మాట. ఆ సంగతి పేజీ పక్కనే రాసి పెట్టుకోండి. నా దృష్టిలో జర్నల్ అంటే ఇదే. అందమైన పేజీలన్నీ కుట్టి పెట్టుకున్న ఆల్బమ్ వేరు, చేసి చూసిన పుస్తకం వేరు. ఈ రెండోదాని గురించే నేను మాట్లాడతాను.

ముందు మైదా బంక. దీన్ని చిన్నచూపు చూడకండి. గోడల మీద సినిమా పోస్టర్లు అంటించేదీ, పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు వాడేదీ ఈ కుటుంబానికి చెందిన బంకే. ఒక చెంచా మైదాకి ఐదారు చెంచాల నీళ్లు. ముందు కొంచెం చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి, తరవాత మిగతా నీళ్లు పోసి సన్నటి సెగ మీద తిప్పుతూనే ఉండండి. మొదట పాలలా తెల్లగా ఉంటుంది. కాసేపటికి గరిటెకు బరువు తగులుతుంది, తెలుపు తగ్గి కొంచెం అద్దంలా మెరుపు వస్తుంది. అప్పుడు దించేయండి. పూర్తిగా చల్లారాకే వాడాలి.

అంటించడానికి ఎలాగూ పనికొస్తుంది. దీనితోనే రంగు కాగితం కూడా చేయొచ్చు, చూడండి. చల్లారిన బంకలో రెండు చెంచాలు వేరే గిన్నెలోకి తీసి, స్కూలు వాటర్ కలర్ కొంచెం కలిపాను, నీలం. ఈ కాగితాన్ని ముందు తడి గుడ్డతో తుడిచాను. పొడి కాగితం మీద పూస్తే బంకలో నీరంతా పీల్చేసుకుంటుంది, దువ్వెన జారదు. ఇప్పుడు వెడల్పు బ్రష్‌తో ఇటు నుంచి అటు పూస్తున్నాను. ఇక దువ్వెన.

ఈ దువ్వెన మన ఊరిదే. పర్లాకిమిడి కొమ్ము పని పేరున్న పని. కొంగలు, రొయ్యలు, చేతికర్రలు, దువ్వెనలు చేస్తారు. కొమ్ము దువ్వెన పళ్లు నున్నగా ఉంటాయి, తడి కాగితాన్ని చీల్చవు. ప్లాస్టిక్ దువ్వెనైతే అచ్చు పోసిన చోట పళ్ల అంచున సన్నటి గరుకు మిగిలి ఉంటుంది, అది కాగితాన్ని పీకుతుంది. దువ్వెనను ఇలా పట్టుకుని, కొంచెం వాలుగా, మణికట్టు ఊపుతూ పై నుంచి కిందికి లాగాలి. చూశారా, పన్ను వెళ్లిన చోట తెలుపు, పక్కన గట్టులా లేచిన నీలం. నచ్చకపోతే బ్రష్‌తో మళ్లీ ఒకసారి చదును చేసి ఇంకోలా లాగొచ్చు. బంక ఆరేదాకా మీకు టైము ఉంటుంది. పిల్లలకు ఈ పని నేను ముందు నేర్పేది అందుకే, రబ్బరు అవసరం లేదు. జర్మనీలో 17, 18 శతాబ్దాల్లో పుస్తకాల అట్టల మీదికి సరిగ్గా ఇలాగే బంక కాగితాలు చేసుకున్నారు. హెర్న్‌హుట్ అనే ఊళ్లో మొరేవియన్ అనే శాఖ క్రైస్తవులు చేసినవి ఇప్పటికీ దాచుకుని చూస్తారు.

ఆరాక ఈ కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది. కంగారు పడకండి. రెండు పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, ఒక రాత్రి వదిలేస్తే సరిపోతుంది.

బంక నిలవ ఉండదు, అది నిజం. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేయి పెట్టే గిన్నెలో వద్దు. లవంగ నూనె రెండు చుక్కలు వేయండి, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి. వాసన మారితే పారబోయండి, మైదాయే కదా.

ఇంకా గట్టి బంక కావాలంటే చింతపిక్కలు. మన పక్క పిల్లలు ఆడుకోవడానికి దాచుకునే ఆ పిక్కలే. వేయించి, పై తొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి ఉడికించాలి. రుబ్బడం కష్టం, నేను దాచను. కానీ అది పట్టిన పట్టు మైదాకు రాదు. ఒడిశాలో పట్టచిత్రాలకు గుడ్డ తయారయ్యేది దీనితోనే. పాత నూలు గుడ్డ పొరల మీద చింతపిక్కల బంక, పైన సుద్దపొడి, ఆరాక రాయితో నునుపు. గంజపా అనే పేకాటకు వాడే గుండ్రటి చీట్లు కూడా అంతే. ఎనిమిది రంగుల ఆటకు 96 చీట్లు, పది రంగుల ఆటకు 120. ఈ చీట్లు వేసే చిత్రకారులున్న ఊళ్లలో మన పర్లాకిమిడి కూడా ఉంది.

అందుకే పెద్ద పిల్లలకు నేను ఇచ్చే పని ఇది: చిరిగిన పాత చీర, అమ్మ వద్దన్నదే సుమా, దాని ముక్కలు మూడు పొరలు బంకతో అంటించండి. పైన సుద్దపొడిలో బంక కలిపి రెండు పూతలు పూయండి, ఒక పూత పూర్తిగా ఆరాక రెండోది. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఏరిన నున్నటి గులకరాయితో రుద్దండి. గట్టిగా నొక్కకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి. కాసేపటికి చేతి కింద జారుడు తెలుస్తుంది, వెలుతురులో వాల్చి చూస్తే మెరుపు కనబడుతుంది. దాన్ని గుండ్రంగా కోసి బొమ్మ వేసి జర్నల్లో అంటించొచ్చు, లేదా మొత్తం ముక్కనే అట్టగా వాడొచ్చు. ఆ అట్ట ఏళ్ల తరబడి నిలుస్తుంది.

చిత్రకారుల రంగుల గురించి ఒక్క మాట, జాగ్రత్త కోసం. తెలుపు శంఖం నుంచి, నలుపు దీపం మసి నుంచి. ఈ రెండూ మనం చేసుకోవచ్చు, మసి ముఖ్యంగా. కానీ వాళ్ల ఎరుపు ఇంగిలీకం, అందులో పాదరసం ఉంది. వాళ్ల పసుపు హరిదళం, అందులో ఆర్సెనిక్ ఉంది. ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్లకు దాన్ని ఎలా పట్టుకోవాలో తెలుసు. మన ఇళ్లలో, పిల్లల చేతుల్లో అవి వద్దే వద్దు.

ఎరుపుకు పసుపూ సున్నమూ చాలు. పేజీ మీద పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి. తాంబూలంలోకి వాడే సున్నం నీళ్లలో పలచగా కలిపి, పైన తేటలో సన్న బ్రష్ ముంచి గీయండి. గీసిన చోట గీసినట్టే ఎర్రబడుతుంది. పిల్లలు దీన్ని వదలరు. సున్నం కళ్లలో పడకుండా చూసుకోవాలి, పని కాగానే చేతులు కడుక్కోవాలి, అంతే. ఈ ఎరుపు నిలవదు. కొన్నాళ్లకు గోధుమ రంగులోకి దిగుతుంది. ఎండ తగిలితే కింది పసుపు కూడా వెలిసిపోతుంది. దానికి బాధపడకండి. వేసిన తేదీ రాయండి, వెలిసినప్పుడు ఆ తేదీ కూడా పక్కనే రాయండి. మందార రేక నేరుగా కాగితం మీద రుద్దితే ఊదా వస్తుంది, దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే గులాబీ, వంటసోడా నీళ్ల చుక్క వేస్తే నీలి ఆకుపచ్చ. ఒక్క పువ్వుతో పేజీ నిండిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన దానికి వస్తాను. కరక్కాయ, తుప్పు.

కరక్కాయ మనకు సంతలోనే దొరుకుతుంది. చుట్టూ కొండల్లో చెట్లు ఉండనే ఉన్నాయి. నాలుగైదు కాయలు దంచి, గింజ తీసేసి, రాత్రి నీళ్లలో వేయండి. పొద్దున గుడ్డలో వడకడితే టీ రంగు నీళ్లు వస్తాయి. ఇక రెండోది, ముందే మొదలుపెట్టాల్సింది. తుప్పు పట్టిన మేకులు, పాత గొళ్లెం ముక్కలు, పనికిరాని ఇనుము ఏదైనా ఒక కుండలో వేసి, బెల్లం కలిపిన నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, ఒక మూల పెట్టండి. బిగుతు మూత పెట్టకండి, లోపల పులుస్తుంది, గాలి బయటికి పోవాలి. రెండు మూడు వారాల తరవాత వడకట్టండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు దీన్ని కసిమి అంటారు. వాళ్ల నల్ల గీత అంతా దీనిదే. వాళ్లు గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన దానిలో ముంచుతారు, పాలల్లో కొవ్వు వల్ల గీత పాకదు. మనకు కాగితం మీద పాలు అక్కర్లేదు.

కరక్కాయ నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితం ఇది. లేత పసుపు. ఈ వెదురు పుల్ల చివర చెక్కి కలంగా చేశాను. కసిమిలో ముంచి రాస్తున్నాను. ముందు వరస పిల్లలు దగ్గరికి రండి. ఇప్పుడు ఏ రంగు? అవును, బూడిద రంగు. కొంచెం ఆగండి. ఇంకోసారి చూడండి. నల్లబడుతోంది. నేను పైన ఏమీ పూయలేదు. కరక్కాయలో ఉన్న వగరు పదార్థం, టానిన్, ఇనుముతో కలిసింది. గాలి తగిలే కొద్దీ ఆ కలయిక ముదిరి నలుపవుతుంది. రేపు పొద్దున్న చూస్తే ఇంకా చిక్కగా ఉంటుంది. ఐరోపాలో కొన్ని వందల ఏళ్లు దస్తావేజులు రాసిన సిరా కూడా ఇలా టానిన్, ఇనుము కలిసినదే, కాకపోతే వాళ్లు ఓక్ చెట్టు మీద పురుగు కట్టిన కాయల్ని వాడారు. దీనికి ఒక చెడ్డ గుణం ఉంది, చెప్పకుండా వదలను. ఇందులో ఆమ్లం ఉంటుంది. మరీ చిక్కగా పూస్తే ఏళ్ల మీద కాగితాన్ని తినేస్తుంది. అందుకని సన్నటి గీతలకే వాడండి, ఆ పేజీ వెనక ఒక ఖాళీ కాగితం ఉంచండి.

ఇక్కడే ఒక పేజీ ప్రయోగం చెబుతాను, ఇంటికి వెళ్లి చేయండి. పేజీని నాలుగు గళ్లు చేయండి. ఒక గడిలో కరక్కాయ నీళ్లు ఒక పూత, రెండో గడిలో రెండు పూతలు, మూడో గడిలో మూడు, నాలుగోది ఖాళీ. నాలుగు గళ్లలోనూ ఒకే కలంతో, ఒకే అక్షరం కసిమితో రాయండి. మీ పేరులో మొదటి అక్షరం రాయండి, తెలుగులోనైనా ఒడియాలోనైనా. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో ఒడియా చదివే పిల్లలు మనకు చాలామంది ఉన్నారు, ఈ పుస్తకంలో రెండు లిపులకూ చోటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. కాగితమూ మార్చి, పూతా మార్చి, కలమూ మారిస్తే ఏం వల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. మార్చింది ఒకటే అయితే పేజీయే చెబుతుంది.

అప్పటికప్పుడు రాసుకోవడం కూడా అంతే ముఖ్యం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే టీచరుగా పనిచేశారు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనులు మాట్లాడుతుంటే విని, మాట మాటా రాసుకుంటూ ఆ భాష నేర్చుకున్నారు. ఆ రాతలే పెరిగి 1931లో సవర వ్యాకరణమూ, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువూ అచ్చయ్యాయి. గంట తరవాత రాద్దాంలే అనుకుంటే ఆ పని అయ్యేది కాదు. మీరు కూడా బ్రష్ కడగకముందే పెన్సిల్‌తో రాసేయండి: ఎన్ని చెంచాలు, ఎంతసేపు, ఆ రోజు ఎండా వానా.

సవర బొమ్మల గురించి అడుగుతారని తెలుసు. మన గజపతి జిల్లాలోనూ, పక్కన రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పుట్టాసింగి వైపూ సవర ఇళ్లలో గోడ మీద వేసే ఇడితాల్ అనే బొమ్మ ఇప్పుడు చీరల మీదా, బ్యాగుల మీదా కనబడుతోంది. దాన్ని చూసి జర్నల్లో వేసుకోవాలని అందరికీ ఉంటుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ బొమ్మ వాళ్లకు అలంకారం కాదు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గడం కోసం, పంట కోసం, పూజతో పాటు వేసేది. గిరిజనుల జీవితాన్ని పరిశోధించిన వెరియర్ ఎల్విన్ 1950ల్లోనే దీని గురించి వివరంగా రాశారు. కాబట్టి ఒకరి పెద్దల కోసం వేసిన బొమ్మను ఎత్తుకొచ్చి మన పుస్తకం అట్ట మీద వేసుకోవద్దు. వాళ్ల చేతి పద్ధతి మాత్రం నేర్చుకుందాం, అది నేర్పేవాళ్లుంటే వాళ్ల దగ్గరే, వాళ్ల పేరు చెప్పుకుని.

ఏమిటా పద్ధతి? ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి ముద్దతో వేస్తారు. చివర నలగగొట్టిన వెదురు పుల్లే కుంచె. ముందు చుట్టూ అంచు గీస్తారు, అదే ఇల్లు. ఆ తరవాత అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనం మామూలుగా ఏం చేస్తాం? పేజీ మధ్యలో ఒక పెద్ద బొమ్మ వేసి, చుట్టూ ఏం చేయాలో తెలియక ఆగిపోతాం. ఒకసారి అంచు నుంచి మొదలుపెట్టి చూడండి. మీ వీధి, మీ పెరడు, నౌపడ–గుణుపురం రైలు, మీకు తెలిసినదే వేయండి. పేజీ ఎప్పుడు నిండిందో మీకే తెలియదు.

గోడ మీది ఈ పద్ధతిని కాగితం మీదికి తెచ్చుకోవాలంటే రెండు మార్పులు కావాలి. ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, రాళ్లు అడుగుకు దిగాక పై నీళ్లు తీసుకుని అందులో తుమ్మ జిగురు కలపాలి, లేకపోతే ఆరాక చేతికి అంటుతుంది. బియ్యప్పిండి కూడా గోడ మీద నిలిచినట్టు కాగితం మీద నిలవదు. గోడ వంగదు, పేజీ వంగుతుంది, వంగగానే పెళ్లలు రాలుతాయి. నానబెట్టి రుబ్బిన పిండిలో అదే జిగురు ఒక చెంచా కలిపి, పలచగా వేయండి.

మార్బ్లింగ్ గురించి కూడా చీటీ పంపారు. నీళ్ల మీద ఆయిల్ పెయింట్ తేల్చి కాగితం ముంచేది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ నీళ్లు చివరికి మన కాలువలోనే పోస్తాం. నేను నేర్పను.

కాగితం సంగతి త్వరగా చెబుతాను. మామూలు నోటుబుక్కు కాగితం 60, 70 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు ఉంటుంది, తడి తగలగానే ఉబ్బుతుంది. డ్రాయింగ్‌కు వాడే కార్ట్రిడ్జ్ కాగితం 130 పైన తీసుకోండి. అది దొరక్కపోతే నోటుబుక్కులో రెండేసి కాగితాలు మైదా బంకతో కలిపి అంటించండి, మధ్య నుంచి బయటికి తుడుస్తూ. సిరా పాకుతుంటే అన్నం గంజి పలచగా పూసి ఆరబెట్టండి.

కుట్టడం కూడా ఇప్పుడే చూపిస్తాను, సూది ఎవరికైనా వచ్చు. ఐదు కాగితాలు మధ్యకు మడిచి, మడత మీద ఈ కొమ్ము దువ్వెన వీపుతో గట్టిగా గీయండి. మడతలో మూడు రంధ్రాలు. దారానికి కొవ్వొత్తి రాయండి, చిక్కు పడదు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, మధ్యది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉన్నాయి. పొడుగు దారానికి ఒకటి ఇటు, ఒకటి అటు ఉండేలా చూసి ముడి వేయండి. గుడ్డలూ ఆకులూ అంటించేకొద్దీ పుస్తకం నోరు తెరుచుకుంటుంది కాబట్టి ముందే కొన్ని కాగితాలను మడత దగ్గర వేలు వెడల్పు వదిలి కోసేసి, ఆ పట్టీలు మాత్రమే మడతలో ఉంచండి. ఆ ఖాళీలోకి మీ అంటింపులు సర్దుకుంటాయి.

అంటింపుల్లో ఒక హెచ్చరిక. బస్సు టికెట్లు, షాపు బిల్లులు ఇప్పుడు వేడితో అచ్చయ్యే కాగితం మీద వస్తున్నాయి. కొన్ని నెలలకు అక్షరాలు మాయమై తెల్ల ముక్క మిగులుతుంది. అంటించిన రోజే వాటి మీద పెన్నుతో దిద్దండి, లేదా జిరాక్సు తీసి అంటించండి.

అడగండమ్మా... వానాకాలంలో బూజు పడితే? మంచి ప్రశ్న, మన పక్క అది పెద్ద టెన్షనే. తడి పేజీ మూయకండి, అది మొదటిది. చేత్తో తాకితే చల్లగా ఉంటే ఇంకా ఆరలేదని లెక్క. రెండోది, ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, గాలి ఆడని చోటే బూజు. నూలు గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి, గోడకు తగలకుండా పైన పెట్టండి. బూజు కనబడితే ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులిపి నీడలో గాలికి ఆరబెట్టండి. పసుపు పేజీలుంటే ఎండలో అసలు పెట్టొద్దు.

ఇక లేవండి. మైదా గిన్నెలు ఈ బల్ల మీద ఉన్నాయి, కరక్కాయ నీళ్లు కిటికీ పక్కన. కసిమి బట్టలకు తగిలితే పోదు, చొక్కా చేతులు పైకి మడుచుకోండి. పెన్సిల్ లేనివాళ్లు నా దగ్గర తీసుకోండి.